ఏ మాసంలో ఇల్లు బేరమాడాలి? హైదరాబాద్‌లో ఫ్లాటు కొనేవాళ్ల కోసం

"ఆషాఢం పోనీండి, శ్రావణంలో చూద్దాం." ఇల్లు కొనే ఆలోచన ఉన్న తెలుగిళ్లలో ఏటా వానలు మొదలవగానే వినిపించే మాట ఇది. మా ఇంట్లో మూడేళ్లు వరసగా వినిపించింది. మూడేళ్లూ శ్రావణం రాగానే బయల్దేరేవాళ్లం. అప్పటికే ప్రతి ఫ్లాటుకీ మాకంటే ముందు నలుగురైదుగురు వచ్చి వెళ్లి ఉండేవారు. ఓనరు కుర్చీలో వెనక్కి వాలి, "మొన్నే ఒకాయన ఇంకో లక్ష ఎక్కువ చెప్పి వెళ్లాడండీ" అనేవాడు. నాలుగో ఏడు, 2023లో, వరస తిప్పాం. ఆషాఢంలో చూసి, అధికమాసంలో బేరమాడి, నిజ శ్రావణంలో రిజిస్ట్రేషన్ చేయించుకున్నాం. మియాపూర్ వైపు రెండు బెడ్రూముల రీసేల్ ఫ్లాటు అది.

ఆ అనుభవంలో నాకు బాగా అర్థమైన విషయం ఒకటుంది. మన దగ్గర నెలని బట్టి చెప్పే ధర పెద్దగా మారదు. బేరానికి దొరికే సందు మారుతుంది. మే నెలలో 68 లక్షలు చెప్పినాయన జులైలో కూడా 68 లక్షలే చెప్తాడు. కాకపోతే మేలో ఫోన్ ఎత్తడానికే తీరిక లేనివాడు జులైలో మనకి కాఫీ ఇచ్చి కూర్చోబెడతాడు. ఆ తేడాని డబ్బుగా ఎలా మార్చుకోవాలో వరసగా చెప్తాను.

మొదటి పని: పంచాంగాన్నీ క్యాలెండర్నీ పక్కపక్కన పెట్టండి

ఇళ్ల మార్కెట్టుకి సీజన్ అనేది ప్రపంచమంతా ఉంది. అమెరికాలో ఉన్న మనవాళ్లకి ఇది బాగా తెలుసు. అక్కడ వసంతంలో ఇళ్లు అమ్మకానికి పెడతారు, పిల్లల స్కూళ్లు తెరిచేలోపు వేసవిలో మారిపోతారు, చలికాలంలో మార్కెట్టు చల్లబడుతుంది. అందుకే అక్కడి ఇళ్ల ధరలు చూపించే కేస్ షిల్లర్ సూచీని సీజన్ ప్రభావం తీసేసిన లెక్క ఒకటి, తీయని లెక్క ఒకటి, రెండు రకాలుగా ఇస్తారు. అక్కడ ఇదంతా ఇంగ్లీషు నెలల ప్రకారం నడుస్తుంది కాబట్టి ఏటా ఒకేచోట పడుతుంది.

మనది అలా కాదు. మన కొనుగోళ్లు చాంద్రమానాన్ని పట్టుకుని నడుస్తాయి. ఆషాఢం 2024లో జులై 6న మొదలై ఆగస్టు 4న ముగిసింది. 2025లో జూన్ 26 నుంచి జులై 24 దాకా. 2026లో జ్యేష్ఠం అధికమాసం కావడంతో జులై 15 నుంచి ఆగస్టు 12 దాకా. అంటే "జులైలో ధరలు తగ్గుతాయట" అన్న మాట ఒక ఏడాది నిజం, ఇంకో ఏడాది సగం నిజం. మేం కొన్న 2023లో ఆషాఢం జూన్ 19 నుంచి జులై 17 దాకా ఉంటే, మర్నాడే అధిక శ్రావణం మొదలై ఆగస్టు 16 దాకా సాగింది. దాదాపు రెండు నెలలు గృహప్రవేశం మాట ఎత్తేవాళ్లు లేరు.

కాబట్టి ఈ ఏటి పంచాంగం తీసి, సెల్‌ఫోన్ క్యాలెండర్లో ఇవి గుర్తు పెట్టుకోండి.

గృహప్రవేశాలు బాగా జరిగే మాసాలు: వైశాఖం, జ్యేష్ఠం, శ్రావణం, కార్తీకం, మాఘం, ఫాల్గుణం. ఈ మాసాలు అమ్మేవాళ్లవి. కొనాలన్నవాళ్లంతా అప్పుడే తిరుగుతుంటారు.

స్తబ్దుగా ఉండే రోజులు: ఆషాఢం, భాద్రపదం (ముఖ్యంగా మహాలయ పక్షం), డిసెంబరు మధ్య నుంచి సంక్రాంతి దాకా ధనుర్మాసం, ఆ వెంట పుష్యంలో మిగిలిన రోజులు. అధికమాసం ఎప్పుడొస్తే అప్పుడు.

మౌఢ్యాలు (మూఢాలు, శుభకార్యాలు పెట్టుకోని రోజులు): వీటిని చాలామంది మర్చిపోతారు. మార్కెట్టుని ఎక్కువ కదిలించేవి ఇవే. 2024 వేసవిలో ఏప్రిల్ చివర్లో మూఢం మొదలైంది, అది వదలకముందే ఆషాఢం వచ్చింది. పెళ్లి మంటపాలు, ఇళ్ల మీడియేటర్లు అందరూ శ్రావణం కోసం ఎదురుచూశారు. 2025 నవంబరు చివర్లో మొదలైన శుక్రమౌఢ్యం 2026 ఫిబ్రవరి మధ్య దాకా ఉండి మాఘమాసం మొత్తాన్నీ మింగేసింది. మామూలుగా మాఘంలో కొనేవాళ్లంతా ఆ ఏడు ఫాల్గుణానికి జరిగారు.

వీటి పక్కనే మతంతో పనిలేని తేదీలు కూడా రాసుకోండి. జూన్ రెండో వారంలో బడులు తెరుస్తారు, దానికి ముందే ఇల్లు మారాలని ఏప్రిల్, మే నెలల్లో తల్లిదండ్రుల హడావిడి. మార్చి 31 ఆర్థిక సంవత్సరం చివర, బిల్డర్ల సేల్స్ టీములకి లెక్కలు చూపించుకోవాల్సిన రోజు. డిసెంబరులో సెలవు మీద వచ్చే ఎన్నారైలు. వీళ్ల సంగతి విడిగా చెప్తాను.

ఒక మాట. మీకు ముహూర్తాల పట్టింపు ఉందా లేదా అన్నది ఇక్కడ ప్రశ్న కాదు. మార్కెట్టులో ఎక్కువమందికి ఉంది, దాన్ని బట్టే రద్దీ ఉంటుంది. మీ ఇంట్లో పెద్దవాళ్లకి పట్టింపు ఉంటే వాళ్ల మాట కాదనక్కర్లేదు. ఆషాఢంలో ఇంట్లో పాలు పొంగించకూడదన్నారు గానీ, ఇల్లు చూడకూడదని, కాగితాలు పరిశీలించకూడదని ఎవరూ అనలేదు. మా అమ్మకి ఈ మాట చెప్పి ఒప్పించడానికి ఒక్క సాయంత్రం పట్టింది. ఆ తర్వాత ఫ్లాట్లు చూడ్డానికి అందరికంటే ముందు చెప్పులేసుకుని తయారయ్యేది ఆవిడే.

రెండో పని: ధరల పుస్తకం మీరే రాసుకోండి

పేపర్లో వచ్చే లెక్కలు ఏటికేడు పెరుగుదల తెలుసుకోవడానికి పనికొస్తాయి గానీ, నెలనెలా తేడా పట్టుకోవడానికి పనికిరావు. నేషనల్ హౌసింగ్ బ్యాంకు ఇచ్చే ఇళ్ల ధరల సూచీ రెసిడెక్స్‌లో హైదరాబాద్, విజయవాడ, విశాఖపట్నం ఉన్నాయి. అది మూడు నెలలకోసారి వస్తుంది. జులై, ఆగస్టు, సెప్టెంబరు ఒక ముక్క. మన స్తబ్దత, మన రద్దీ రెండూ ఆ ఒక్క ముక్కలోనే పడతాయి. ఆషాఢం తగ్గుదలని శ్రావణం పూడ్చేస్తుంది, సూచీ చూసినవాళ్లకి ఏమీ జరగనట్టే ఉంటుంది. ఇక రిజిస్ట్రేషన్ల లెక్కలంటారా, బేరం కుదిరిన నాలుగైదు వారాలకి గానీ అవి నమోదు కావు. ఆగస్టులో రిజిస్ట్రేషన్లు ఎగబాకాయని వార్త వస్తే అందులో జులైలో కుదిరిన బేరాలు చాలా ఉంటాయి.

అందుకని ఒక నోటుపుస్తకం కొనండి. మీరు కొనాలనుకునే ప్రాంతంలో ఒకే రకం అపార్ట్‌మెంట్లు ఐదారు ఎంచుకోండి. కూకట్‌పల్లి ఫ్లాటుని కోకాపేట ఫ్లాటుతో, పదేళ్ల పాతదాన్ని కొత్తదానితో కలిపి సగటు తీస్తే ఆ లెక్కకి అర్థం ఉండదు. ప్రతి ఫ్లాటుకీ ఇవి రాయండి: చూసిన తేదీ, చదరపు అడుగులు, అంతస్తు, ఫేసింగ్, చెప్పిన ధర, ఎన్నాళ్లుగా అమ్మకానికి ఉంది, తెలిస్తే చివరికి ఎంతకి పోయింది. చదరపు అడుగుల దగ్గర జాగ్రత్త. బ్రోకరు చెప్పేది కామన్ ఏరియా కలిపిన లెక్క. గోడల లోపల మీరు కాలుపెట్టి తిరిగే కార్పెట్ ఏరియా ఎంతో అడిగి అది కూడా వేసుకోండి.

చివరికి ఎంతకి పోయిందో ఎలా తెలుస్తుందని అడగొచ్చు. మూడు దారులున్నాయి. ఒకటి వాచ్‌మన్. రెండు అసోసియేషన్ సెక్రటరీ. మూడోది ఈసీ, అంటే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్. తెలంగాణ రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైటులో చూడొచ్చు. ఈసీ అంటే అప్పులున్నాయా లేవా అని చూసే కాగితమనే చాలామంది అనుకుంటారు. అందులో ప్రతి లావాదేవీ పక్కనా రెండు అంకెలుంటాయి, ఒకటి మార్కెట్ వాల్యూ (ప్రభుత్వం ఆ ఆస్తికి కట్టిన విలువ), రెండోది ఆ దస్తావేజులో రాసుకున్న ప్రతిఫలం. రిజిస్ట్రేషన్ తేదీ కూడా ఉంటుంది. ఒకే అపార్ట్‌మెంటులోని ఏడెనిమిది ఫ్లాట్ల అమ్మకాలు తేదీల వారీగా రాసుకుంటే ఏ నెలలో ఎన్ని చేతులు మారాయో కళ్లకి కనబడుతుంది. రాసుకున్న ప్రతిఫలం అసలు ఇచ్చినదానికంటే తక్కువ ఉండే అవకాశం ఉంది కాబట్టి రూపాయల అంకెని గుడ్డిగా నమ్మొద్దు. తేదీలని మాత్రం నమ్మొచ్చు.

పుస్తకంలో అన్నిటికంటే విలువైన గడి "ఎన్నాళ్లుగా అమ్మకానికి ఉంది" అన్నది. ధర తగ్గకముందే ఆ అంకె పెరుగుతుంది. ఫాల్గుణంలో మూడు వారాల్లో అమ్ముడుపోయే రకం ఫ్లాటు ఆషాఢం మధ్యకి వచ్చేసరికి అరవై రోజులు దాటి నిలబడి ఉందంటే, అక్కడ బేరానికి తలుపు తెరుచుకున్నట్టే.

పోల్చేటప్పుడు ఈ నెలని పోయిన నెలతో పోల్చకండి. ఈ ఆషాఢాన్ని పోయిన ఆషాఢంతో, ఈ శ్రావణాన్ని పోయిన శ్రావణంతో పోల్చండి. జూన్ కంటే ఆగస్టులో లక్ష ఎక్కువ చెప్తున్నారంటే ధరలు పెరిగాయని కంగారు పడక్కర్లేదు. పోయిన శ్రావణం కంటే ఈ శ్రావణంలో ఎంత ఎక్కువన్నదే అసలు పెరుగుదల.

మూడో పని: ఆగడానికి ఎంత ఖర్చవుతుందో లెక్క వేయండి

ఇది చాలామంది వేయని లెక్క. మేం మూడేళ్లు పోగొట్టుకున్నదీ ఇక్కడే.

ఉదాహరణకి మీరు చూస్తున్న ఫ్లాటు 65 లక్షలు. ఇప్పుడు చైత్రం, ఆషాఢం దాకా మూడు నెలలు ఆగుదామని ఆలోచన. మీరుంటున్న ఇంటి అద్దె 25,000. మూడు నెలలకి 75,000. ఆ ప్రాంతంలో ధరలు ఏటా 6 శాతం పెరుగుతున్నాయనుకుంటే 65 లక్షల మీద ఏడాదికి 3 లక్షల 90 వేలు, మూడు నెలలకి సుమారు 97,500. రెండూ కలిపితే ఆగినందుకు ఖర్చు 1,72,500. ఆషాఢంలో అదనంగా 2 శాతం బేరం దొరికిందనుకుంటే మిగిలేది 1,30,000. అంటే ఆగి నష్టపోయినట్టు.

అదే నెల రోజులు ఆగితే? అద్దె 25,000, పెరుగుదల 32,500, మొత్తం 57,500. అప్పుడు ఆగడం గిట్టుబాటే. మీ అద్దె, మీ ధర, మీ ప్రాంతం పెరుగుదల వేసుకుని ఇదే లెక్క చేయండి. నా అభిప్రాయంలో సీజన్ కోసం ఆరు వారాలకి మించి ఆగకూడదు. అది దాటితే ఇప్పుడే మొదలుపెట్టి, ఇప్పటి సీజన్లోనే ఎక్కువ రోజులు నిలబడిపోయిన ఫ్లాట్లని వెతకండి. వైశాఖంలో కూడా అలాంటివి ఉంటాయి. ధరలు పెరగకుండా నిలిచిపోయిన ఏడాదైతే ఆగడానికి అద్దె ఒక్కటే ఖర్చు, అప్పుడు ఇంకాస్త నిదానించినా ఫరవాలేదు.

నాలుగో పని: ఎదుటివాళ్ల తొందర ఎక్కడుందో కనుక్కోండి

స్తబ్దుగా ఉన్న నెలలో కూడా అందరూ తగ్గరు. ఊరికే "వస్తే అమ్ముదాం" అని బోర్డు పెట్టినాయన ఆషాఢంలో తగ్గడు, ఇంకో ఆషాఢం దాకా కూడా ఆగగలడు. తొందర ఉన్నవాళ్లు వేరే. కొత్త ఇంటికి అడ్వాన్సు ఇచ్చేసి తర్వాతి వాయిదా కోసం పాతది అమ్ముతున్నవాళ్లు. ఇంకో ఊరికి బదిలీ అయినవాళ్లు. ఖాళీ ఫ్లాటుకి ఈఎంఐ, మెయింటెనెన్స్ రెండూ కడుతున్నవాళ్లు. "ఎందుకు అమ్ముతున్నారండీ?" అని మర్యాదగా అడగండి. తర్వాత "ఎప్పటిలోగా డబ్బు అందాలి మీకు?" అని అడగండి. మొదటిదానికంటే రెండో ప్రశ్నకి నిజం ఎక్కువ వస్తుంది.

మేం కొన్న ఫ్లాటు ఓనరు నగరం అంచున విల్లా బుక్ చేసుకున్నారు. సెప్టెంబరులో వాయిదా కట్టాలి. మేం బేరానికి వెళ్లింది అధికమాసం మొదటి వారం. "నెలన్నరలో మీరు మూడోవాళ్లండీ" అన్నారాయన. మే నెలలో వారాంతానికి ముగ్గురొచ్చేవారట.

డిసెంబరు, జనవరి సంగతి కొంచెం వేరు. ధనుర్మాసం కాబట్టి స్థానికంగా కొనేవాళ్లు తక్కువే. కానీ అమెరికా, ఆస్ట్రేలియా నుంచి సెలవు మీద వచ్చినవాళ్లు ఆ మూడు నాలుగు వారాల్లోనే చూసి కొనాలి. గచ్చిబౌలి, కొండాపూర్, నల్లగండ్ల లాంటి చోట్ల పెద్ద ఫ్లాట్లు చూస్తుంటే ఆ నెలలో స్తబ్దత ఉంటుందని అనుకోవద్దు. అదే సమయంలో అమ్మడానికి వచ్చిన ఎన్నారైలూ ఉంటారు, తిరుగు టికెట్టు తేదీ వాళ్ల మెడ మీద ఉంటుంది. అలాంటి బేరం మంచిదే. కాకపోతే అమ్మేవారు ఎన్నారై అయితే మీరు కోయాల్సిన టీడీఎస్ (ఓనరుకి ఇచ్చే డబ్బులోంచి ముందే కోసి ప్రభుత్వానికి కట్టే పన్ను) మామూలు 1 శాతం కాదు, చాలా ఎక్కువ. అడ్వాన్సు ఇవ్వకముందే చార్టర్డ్ అకౌంటెంటుని కలవండి.

జిల్లా పట్టణాల్లో కొనేవాళ్లు ఇంకొకటి చూసుకోవాలి. గోదావరి, కృష్ణా డెల్టాల్లో పంట డబ్బు చేతికొచ్చే రోజులు ఇళ్ల స్థలాల బేరాన్ని కదిలిస్తాయి. సార్వా ధాన్యం అమ్మాక సంక్రాంతి చుట్టుపక్కల, దాళ్వా అయ్యాక వేసవిలో.

అయిదో పని: వానలో ఒకసారి, ఎండలో ఒకసారి చూడండి

ధర సంగతి పక్కనపెట్టినా ఆషాఢంలో ఇల్లు చూడ్డానికి ఇదొక్కటే చాలినంత కారణం. ఆ నెలలో వాన మీ తరఫున ఇల్లు తనిఖీ చేసి పెడుతుంది.

మేం ఆ ఫ్లాటు మొదటిసారి చూసినప్పుడు పొద్దున పదింటికి, ఎండగా ఉంది. ఏ లోపమూ కనబడలేదు. రెండోసారి కావాలనే వాన పడ్డ సాయంత్రం వెళ్లాం. పై అంతస్తు ఫ్లాటు. రెండో బెడ్రూములో అటక పైన మూలన జానెడు మేర రంగు మిగతా గోడ కంటే ఒక పిసరు తెల్లగా ఉంది. కుర్చీ ఎక్కి అరచేయి ఆనిస్తే చల్లగా, మెత్తగా తగిలింది. గోరుతో గీస్తే పుట్టీ పొడి కాకుండా ముద్దగా వచ్చింది. పైన టెర్రస్ మీదికి వెళ్లి చూస్తే సరిగ్గా ఆ మూల మీదే నీళ్ల పైపు మొదట్లో చిన్న మడుగు. వేసవిలో కొని ఉంటే ఆ మచ్చ మాకు గృహప్రవేశం తర్వాత కనబడేది. ఓనరు గారితో కోపంగా ఏమీ మాట్లాడలేదు, చేయి తడిమి చూడమని ఆయన్నే కుర్చీ ఎక్కించాం. బేరం అక్కడి నుంచి వేరే దారిలో నడిచింది.

వానలో చూసేటప్పుడు ఇవి వదలొద్దు. కిటికీ ఫ్రేముల కింద గోడ. బాత్‌రూము అవతలి వైపు గోడ అడుగుభాగం. సెల్లార్లో నీళ్లు నిలుస్తున్నాయా, నిలిస్తే తోడే మోటారు ఉందా. లిఫ్టు గుంట. మెయిన్ రోడ్డు నుంచి గేటు దాకా బండి మీద రాగలరా. 2020 అక్టోబరు వరదల్లో హైదరాబాద్‌లో ఎన్ని కాలనీలు మునిగాయో గుర్తున్నవాళ్లు పక్కనే ఉంటారు, కిరాణా కొట్టులో అడగండి, నీళ్లు ఎంత ఎత్తు వచ్చాయో గోడ మీద వేలుపెట్టి చూపిస్తారు. దగ్గర్లో చెరువు ఉంటే ఎఫ్‌టీఎల్, బఫర్ జోన్ (చెరువు నిండితే నీళ్లు వచ్చే మేర, దాని చుట్టూ కట్టడాలు కట్టకూడని మేర) మ్యాపు తప్పకుండా చూడండి. 2024లో చెరువుల ఆక్రమణలు తొలగించే ప్రభుత్వ సంస్థ హైడ్రా వచ్చాక ఈ కాగితం విలువ అందరికీ తెలిసింది.

ఎండాకాలంలో చూడాల్సింది నీళ్లు. ఏప్రిల్, మే నెలల్లో బోరు పనిచేస్తోందా, మంజీరా లేదా కృష్ణా నీటి కనెక్షన్ ఉందా, రోజుకి ఎన్ని ట్యాంకర్లు తెప్పిస్తున్నారు, దాని ఖర్చు మెయింటెనెన్స్‌లో కలిసి ఉందా. మీరు వానాకాలంలో కొంటుంటే పోయిన మే నెల మెయింటెనెన్స్ లెక్కల కాగితం అసోసియేషన్ దగ్గర అడిగి తీసుకోండి. ట్యాంకర్ల పద్దు అందులో ఉంటుంది.

ఆరో పని: బేరం

రీసేల్ అయితే మొత్తం రూపాయల్లో మాట్లాడండి. చదరపు అడుగుకి వంద తగ్గించమంటే మనకి చిన్నగా వినిపిస్తుంది, ఎదుటివాళ్లకి పెద్ద దెబ్బలా తోస్తుంది. మీ పుస్తకంలోని రెండు మూడు అంకెలు, అవే అపార్ట్‌మెంటులోవి, కాగితం మీద రాసి చూపించండి. ఆ తర్వాత మీ వైపు నుంచి ఇవ్వగలిగింది చెప్పండి. స్తబ్దుగా ఉన్న నెలలో మీ చేతిలో ఉన్న అసలు బలం మీ అంకె కాదు, మీరు ఇస్తున్న తేదీ. "లోను శాంక్షన్ అయి ఉంది, పది రోజుల్లో అగ్రిమెంటు, శ్రావణంలో మొదటి మంచిరోజున మొత్తం మీ ఖాతాలో" అన్న మాట ముందు ఎన్నో లక్షల వట్టి హామీలు నిలవవు.

మాకు చెప్పిన ధర 68. మేం 62 అన్నాం. నాలుగు రోజుల తర్వాత 64 దగ్గర ఆగింది, టెర్రస్ వాటర్‌ప్రూఫింగ్ రిజిస్ట్రేషన్ లోపు అసోసియేషన్‌తో చేయించి ఇచ్చే షరతుతో. తగ్గిన ఆ నాలుగు లక్షలూ అధికమాసం పుణ్యమే అనుకోవడం లేదు. ఒక లక్ష దాకా ఆ తడి మచ్చది. కొంత ఆయన విల్లా వాయిదాది. మిగిలింది ఖాళీగా గడిచిన ఆ నెలన్నరది.

బిల్డరు దగ్గర కొత్త ఫ్లాటు అయితే పద్ధతి వేరు. బోర్డు రేటు తగ్గించడానికి వాళ్లు ఇష్టపడరు, ముందే కొన్నవాళ్లు వచ్చి నిలదీస్తారు కాబట్టి. ఆ రేటు దగ్గర తల బాదుకోకుండా దాని చుట్టూ ఉన్నవి అడగండి. ఫ్లోర్ రైజ్ (పై అంతస్తులకి వేసే అదనపు రేటు), కార్ పార్కింగ్, కార్పస్ ఫండ్ (అసోసియేషన్ నిధికి కట్టే సొమ్ము), అమెనిటీస్ చార్జీలు, రెండేళ్ల ముందస్తు మెయింటెనెన్స్. మార్చి నెలాఖరులో వీటి మీద మెత్తబడినంతగా దసరాకి మెత్తబడరు. దసరా, దీపావళి ఆఫర్లలో ఇచ్చే బంగారు నాణెం, మాడ్యులర్ కిచెన్, ఏసీలు అన్నిటినీ మార్కెట్టు ధరకి రూపాయల్లోకి మార్చి, మొత్తాన్ని చదరపు అడుగులతో భాగించి మీ పుస్తకంలో వేసుకోండి. చాలాసార్లు ఆ "భారీ ఆఫరు" వర్షాకాలంలో పార్కింగ్ ఒక్కటి మాఫీ చేయించుకున్నదానికంటే చిన్నదని తేలుతుంది.

కడుతున్న ఫ్లాటుకి జీఎస్టీ 5 శాతం (అఫర్డబుల్ కోవలోకి వస్తే 1 శాతం). ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ (ఓసీ) వచ్చాక కొంటే జీఎస్టీ లేదు. 80 లక్షల ఫ్లాటుకి ఇది 4 లక్షలు, ఏ సీజన్ తగ్గింపు కంటే పెద్దది. ఓసీకి రెండు మూడు నెలల దూరంలో ఉన్న ప్రాజెక్టు అయితే అప్పటి ధర ఎంత ఉంటుందో ఇప్పుడే అడిగి రెండూ పోల్చుకోండి. రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) నంబరు రాకముందే అమ్మే ప్రీలాంచ్ జోలికి మాత్రం ఏ మాసంలోనూ వెళ్లొద్దు. చవకగా కనబడేది అందులో మీ డబ్బుకి రక్షణ లేకపోవడం వల్లే. రెరా చట్టం ప్రకారం అగ్రిమెంటు రిజిస్టర్ చేయకుండా ధరలో 10 శాతానికి మించి తీసుకోవడానికి బిల్డరుకి వీల్లేదు. ఈ సంగతి గుర్తుపెట్టుకుని చెక్కు రాయండి.

ఏడో పని: లోను ముందు, అగ్రిమెంటు తర్వాత

లోను శాంక్షన్ జ్యేష్ఠం ముగిసేలోపు చేతిలో ఉండాలి. శాంక్షన్ ఎన్ని నెలలు చెల్లుతుందో బ్యాంకుని అడగండి. బేరం కుదిరాక బ్యాంకు లాయరు లీగల్ ఒపీనియన్, ఇంజినీరు వాల్యుయేషన్ కలిపి రెండు మూడు వారాలు తేలిగ్గా పడతాయి. ఆషాఢం మొదటి పదిరోజుల్లో బేరం తెగితే శ్రావణం ముహూర్తానికి సరిగ్గా అందుతుంది. ఆషాఢం చివర్లో తెగితే ఉరుకులు పరుగులు. వడ్డీ రేటు ఫ్లోటింగ్ అయితే రిజర్వు బ్యాంకు రెండు నెలలకోసారి తీసుకునే నిర్ణయం మీకు తర్వాతైనా వర్తిస్తుంది. 2025లో ఫిబ్రవరి నుంచి జూన్ లోపు రెపో రేటు (రిజర్వు బ్యాంకు బ్యాంకులకిచ్చే అప్పు మీద వడ్డీ) 6.50 నుంచి 5.50 శాతానికి దిగింది. అప్పటికే లోను తీసుకుని, రెపోకి ముడిపడిన ఫ్లోటింగ్ రేటులో ఉన్నవాళ్లకీ ఆ తగ్గింపు అందింది. కాబట్టి వడ్డీ తగ్గుతుందేమోనని ఇల్లు ఆపుకోకండి.

కొంతమంది ఓనర్లు ఆషాఢంలో బయానా తీసుకోరు. అది వాళ్ల నమ్మకం, ఒత్తిడి చేయొద్దు. అలాంటప్పుడు ధర, షరతులు, తేదీలు ఒక కాగితం మీద రాసుకుని ఇద్దరూ సంతకాలు పెట్టుకోండి, బయానా శ్రావణ శుద్ధంలో ఇస్తామనండి. బయానా పుచ్చుకునేవాళ్లయితే అగ్రిమెంటులో రిజిస్ట్రేషన్ చివరి తేదీ తప్పకుండా రాయించండి. ఆషాఢంలో కుదిరిన బేరానికి ఇది ప్రాణం. శ్రావణం రాగానే ఇంకొకరు రెండు లక్షలు ఎక్కువ ఇస్తామని వస్తారు, ఓనరు మనసు మారే ప్రమాదం అప్పుడే. ఎవరు వెనక్కి తగ్గితే ఎంత కట్టాలో కూడా అందులోనే ఉండాలి. ఈసీ, లింక్ డాక్యుమెంట్లు (పాత ఓనర్ల దస్తావేజులు), ప్రాపర్టీ ట్యాక్స్ రసీదు, యూడీఎస్ (ఫ్లాటుతో వచ్చే స్థలం వాటా) ఎన్ని గజాలో, వాళ్ల లోను ఉంటే బ్యాంకు నుంచి బాకీ లెటరు, ఇవన్నీ బయానాకి ముందే చూసేయండి.

ఎనిమిదో పని: రిజిస్ట్రేషన్ రోజు

తెలంగాణలో స్టాంపు డ్యూటీ, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి 7.5 శాతం. 2021 జులై 22కి ముందు 6 శాతం ఉండేది. 64 లక్షలకి మేం కట్టింది 4,80,000. ధర 50 లక్షలు, ఆపైన అయితే ఇంకో 1 శాతం టీడీఎస్ ఓనరుకి ఇచ్చే డబ్బులో కోసి మీరు ప్రభుత్వానికి కట్టాలి. మాకది 64,000. ఇది ఓనరుకి ముందే చెప్పి ఉంచండి, లేకపోతే ఆఖరి చెక్కు దగ్గర మాట పట్టింపు వస్తుంది.

ప్రభుత్వం మార్కెట్ విలువలు పెంచితే ఆ తేదీకి ముందు ఆఫీసులు కిటకిటలాడతాయి. తెలంగాణలో 2021 జులైలో, మళ్లీ 2022 ఫిబ్రవరి 1న, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఫిబ్రవరి 1న పెరిగాయి. అలాంటి వార్త వచ్చినప్పుడు మీరు కొనే ధర ఎలాగూ ప్రభుత్వ విలువ కంటే ఎక్కువై, ధర మొత్తానికీ రిజిస్ట్రేషన్ చేయించుకుంటుంటే, పెంపుకి భయపడి కాగితాలు సరిగ్గా చూడకుండా పరుగెత్తాల్సిన పని లేదు.

శ్రావణ శుక్రవారాలు, దసరా ముందు రోజులు సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో స్లాటు దొరకడం కష్టం. పది రోజుల ముందే చూసుకోండి. మేం ఎంచుకున్నది నిజ శ్రావణంలో ఒక బుధవారం. బయల్దేరే ముందు వానకి గొడుగేసుకుని మరోసారి ఆ ఫ్లాటుకి వెళ్లాం. కుర్చీ ఎక్కి అదే మూలన అరచేయి ఆనించాను. గోడ పొడిగా ఉంది. అక్కణ్నుంచి తిన్నగా రిజిస్ట్రేషన్‌కి వెళ్లాం.